స్కాన్‌లో ఏమీ లేదన్నారు: కారు ప్రమాదం తర్వాత ఇంట్లో ఏమి చూడాలి, ఏమి చేయాలి

మూడేళ్ళ కిందట మా అక్క, బావగారు విజయవాడలో పెళ్ళి చూసుకుని రాత్రిపూట హైదరాబాదుకు తిరిగి వస్తున్నారు. నకిరేకల్ దాటాక, దీపాలు లేకుండా రోడ్డు అంచున ఆపిన లారీని కారు గుద్దింది. బావగారి నుదురు చిట్లి ఆరు కుట్లు పడ్డాయి. వెనక సీట్లో కూర్చున్న అక్కకు ఒంటి మీద గీత కూడా పడలేదు. తెల్లవారుజామున సీటీ స్కాన్ ఫిల్మును వెలుతురుకు ఎత్తిపట్టి చూసిన డాక్టరు "ఏమీ లేదమ్మా, రేపు ఇంటికి తీసుకెళ్ళండి" అన్నారు. ఆ "ఏమీ లేదు" అన్న మాటకు అర్థం తెలియడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. మీకు అంత కాలం పట్టకూడదని ఇది రాస్తున్నాను. నేను డాక్టరును కాను. మందుల సంగతి డాక్టరుకే వదిలి, ఇంట్లోవాళ్ళు చేయగలిగిన పనుల గురించే చెబుతాను.

సీటీ స్కాన్ ముఖ్యంగా చూసేది మూడింటిని: రక్తం చేరిందా, పుర్రె విరిగిందా, మెదడు వాచిందా. వెంటనే ఆపరేషన్ కావాలా వద్దా అన్నది దానితో తేలిపోతుంది. అంతవరకు అది ప్రాణం నిలబెట్టే పరీక్షే. కానీ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళుతున్న కారు ఒక్కసారిగా ఆగిపోవడమంటే దాదాపు 14 మీటర్ల ఎత్తు నుంచి కింద పడటంతో సమానం. కారు ఆగుతుంది, తల ఆగుతుంది, లోపల మెదడు మాత్రం ఆగదు. గిన్నెలో జున్నును విసురుగా కదిపితే ఎలా అదురుతుందో చూశారు కదా, పుర్రెలో మెదడు అలాగే ముందుకు ఊగి, వెనక్కి వచ్చి, కొంచెం మెలి తిరుగుతుంది. ఆ మెలికలో సన్నని నరాల పోగులు సాగుతాయి, కొన్ని తెగుతాయి కూడా. జున్ను ముక్కలు కాలేదు కాబట్టి ఫొటోలో బాగానే కనిపిస్తుంది.

రోడ్డు మీద ఉన్నప్పుడు

మంటలు, పెట్రోలు కారడం లాంటి ప్రమాదం లేకపోతే గాయపడ్డవారిని కారులోంచి లాగకండి. తల, మెడ ఒకే వరుసలో కదలకుండా పట్టుకుని 108కి ఫోను చేయండి. జాతీయ రహదారి అయితే 1033 కూడా పనిచేస్తుంది. నీళ్ళు, సోడా తాగించవద్దు. స్పృహ సరిగా లేని మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆపరేషన్ అవసరమైతే అదొక చిక్కు. దారిన పోయేవారు సాయం చేస్తే పోలీసు కేసు మెడకు చుట్టుకుంటుందన్న భయం ఇంకా ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 134ఏ సెక్షన్ వారికి రక్షణ ఇస్తుంది, పేరు చెప్పమని కూడా ఎవరూ బలవంతం చేయకూడదు. డబ్బు సంగతి: 2025 మే నుంచి కేంద్ర ప్రభుత్వ నగదు రహిత చికిత్స పథకం అమల్లో ఉంది. దాని కింద ఎంపిక చేసిన ఆస్పత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు ఒక్కొక్కరికి 1.5 లక్షల రూపాయల దాకా చికిత్స అందాలి. ఆస్పత్రి కౌంటరు దగ్గర మీరు అడగకపోతే ఎవరూ చెప్పకపోవచ్చు. అడగండి.

ఇంటికి బయలుదేరే ముందు

డిశ్చార్జి కాగితాన్ని బిల్లుతో కలిపి మడిచి సంచిలో పడేయకండి. అక్కడే కూర్చుని చదవండి. "జీసీఎస్" (గ్లాస్గో కోమా స్కేల్) అని, స్పృహ ఎంత ఉందో చెప్పే ఒక అంకె ఉంటుంది. 1974లో గ్లాస్గో నగరంలో టీస్‌డేల్, జెనెట్ అనే ఇద్దరు వైద్యులు తయారుచేసిన కొలత అది. కళ్ళు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. అన్నిటికంటే తక్కువ 3. ఆస్పత్రికి వచ్చినప్పుడు 13 నుంచి 15 మధ్య ఉంటే స్వల్ప గాయం, 9 నుంచి 12 అయితే మధ్యస్థం, 8 లేదా అంతకన్నా తక్కువైతే తీవ్రం. ఇక్కడ "స్వల్పం" అన్నది ప్రాణాపాయాన్ని బట్టి పెట్టిన పేరు. ఆ మనిషి రేపు ఆఫీసులో లెక్కలు చూడగలడా, పిల్లవాడి అల్లరిని ఓర్చుకోగలడా అన్నదాని గురించి ఆ మాట ఏమీ చెప్పదు.

రెండు విషయాలు మీరే రాసుకోండి. దెబ్బ తగలడానికి ముందు ఆయనకు గుర్తున్న చివరి సంగతి ఏమిటి? దెబ్బ తగిలాక తెంపు లేకుండా గుర్తున్న మొదటి సంగతి ఏమిటి? బావగారికి సూర్యాపేటలో టీ తాగడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది మర్నాడు మధ్యాహ్నం నర్సు గ్లూకోజు సీసా మార్చడం. మధ్యలో ఆయన మాతో మాట్లాడారు, సంతకం పెట్టారు, ఇడ్లీ కూడా తిన్నారు. ఒక్కటీ మనసులో నిలవలేదు. ఈ చీకటి ఎంత పొడుగ్గా ఉంటే కోలుకోవడానికి సాధారణంగా అంత ఎక్కువ కాలం పడుతుంది. డాక్టర్లకు ఎంతో పనికివచ్చే సమాచారం ఇది. మమ్మల్ని మాత్రం ఎవరూ అడగలేదు. ఒకసారి అడిగి రాసుకుని వదిలేయండి. రోజూ పరీక్ష పెట్టినట్లు "గుర్తొచ్చిందా?" అని వేధించకండి.

అలాగే కేసును "ఎంఎల్‌సీ"గా, అంటే పోలీసులకు తెలియజేసే మెడికో లీగల్ కేసుగా, నమోదు చేశారో లేదో చూసుకోండి. దాని అవసరం తర్వాత చెబుతాను.

మొదటి రెండు రాత్రులు

"నిద్రపోనివ్వకండి, నిద్రపోతే కోమాలోకి వెళతాడు" అని మా ఇంటికి ఫోను చేసిన ప్రతివారూ చెప్పారు. డాక్టరు చూసి ఇంటికి పంపిన మనిషిని నిద్రపోనివ్వాలి. మెదడుకు ఇప్పుడు కావలసింది అదే. అయితే కనీసం మొదటి 24 గంటలు పక్కన పెద్దవాళ్ళు ఒకరు ఉండాలి. మధ్యలో ఎన్నిసార్లు లేపి చూడాలో డాక్టరునే అడగండి. లేపినప్పుడు పేరు, ఎక్కడ ఉన్నారు అని అడిగి, రెండు చేతులూ ఎత్తమంటే చాలు.

ఈ కాపలా ఎందుకంటే, కణత దగ్గర ఎముక పలచగా ఉంటుంది, దాని వెనకే ఒక ధమని పోతుంది. అది చిట్లితే కొందరిలో మనిషి లేచి కూర్చుని, కాఫీ తాగి, కబుర్లు చెప్పి, కొన్ని గంటల తర్వాత ఒక్కసారిగా ఒరిగిపోతాడు. బాగానే ఉన్నాడు కదా అని అందరూ పడుకునే ఆ వేళ అన్నిటికన్నా ప్రమాదకరం.

వాంతులు మళ్ళీ మళ్ళీ కావడం, తలనొప్పి గంటగంటకూ పెరగడం, లేపినా లేవలేనంత మత్తు, మూర్ఛ, మాట ముద్దగా రావడం, ఒక పక్క చేయి కాలు పట్టు తప్పడం, ఒక కంటిపాప రెండోదాని కన్నా పెద్దదిగా కనిపించడం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం, ముక్కులోంచి గాని చెవిలోంచి గాని నీళ్ళలా కారడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారే దాకా ఆగకండి. న్యూరోసర్జను ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ముక్కులోంచి కారే నీళ్ళు జలుబే అనుకుని చీదించకండి, అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు.

తలనొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ రక్తస్రావాన్ని పెంచగలవు, డాక్టరు చెప్పనిదే వద్దు. నిద్రమాత్రలు వద్దు. "కొంచెం పుచ్చుకుంటే నిద్ర పడుతుంది" అంటూ సీసా పట్టుకొచ్చే మిత్రుణ్ణి గుమ్మం దగ్గరే ఆపండి.

పరామర్శలు

మన ఇళ్ళలో గాయపడ్డవారికి విశ్రాంతి లేకుండా చేసేది పరామర్శే. మొదటి వారంలో మా ఇంటికి నలభై మంది దాకా వచ్చారు. డజను యాపిల్ పళ్ళు, హార్లిక్స్ సీసా టీపాయ్ మీద పెట్టి, కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని, "అసలు ఎలా జరిగింది?" అని మొదలుపెట్టేవారు. బావగారికి ఆ ఘడియ గుర్తు లేదు. కాబట్టి చెప్పేది అక్క. వంటింట్లోంచి కాఫీ పళ్ళెంతో వచ్చి, నిలబడే చెప్పేది. లారీ వెనక భాగం అద్దంలో పెద్దదవుతూ రావడం, చప్పుడు, ఆ తర్వాత నిశ్శబ్దంలో వైపరు ఒక్కటే ఆడుతుండటం. రోజుకు ఆరుసార్లు ఆ కారులో కూర్చుని, ఆరుసార్లు గుద్దుకుని, కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళేది.

జరిగింది చెప్పుకుంటే బరువు దిగిపోతుందని మనందరి నమ్మకం. తనంతట తాను చెప్పుకుంటే నిజమే. ప్రమాదం జరిగిన వెంటనే కూర్చోబెట్టి అంతా చెప్పించే పద్ధతిని వైద్యులు కూడా ఒకప్పుడు వాడేవారు. దానివల్ల మేలు జరగడం లేదని, కొందరికి చెరుపే జరుగుతోందని తేలాక మానేశారు. కాబట్టి బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక్కసారి రాసిపెట్టండి: ఏమి జరిగింది, ఇప్పుడు ఎలా ఉన్నారు, రెండు వారాలు రావద్దు. కోపగించుకునేవారు కోపగించుకుంటారు. వచ్చి తీరేవారుంటే గుమ్మంలోనే చెప్పండి, ప్రమాదం మాట ఎత్తవద్దని.

నోటుబుక్కు

నూరు పేజీల నోటుబుక్కు ఒకటి కొనండి. రోజుకు నాలుగు వాక్యాలు చాలు. ఎంతసేపు నిద్ర పట్టింది, తలనొప్పి పదికి ఎంత, ఏమి మరిచిపోయారు, దేనికి చిరాకు పడ్డారు. స్కానుకు దొరకనిది ఈ పుస్తకానికి దొరుకుతుంది. రెండు వారాలకోసారి డాక్టరును కలిసినప్పుడు "ఎలా ఉన్నారు?" అంటే మనిషి "బాగానే ఉన్నానండి" అంటాడు. పుస్తకం అలా అనదు.

మొదటి ఒకటి రెండు రోజులు పూర్తిగా విశ్రాంతి. ఫోను, టీవీ తగ్గించండి. ఆ తర్వాత కొద్దికొద్దిగా నడక, చిన్న పనులు. వారాల తరబడి తలుపులేసి చీకటి గదిలో పడుకోబెట్టడం మంచిది కాదు, కోలుకోవడం ఆలస్యమవుతుంది. పని చేస్తుంటే తలనొప్పి కొంచెం పెరిగితే ఫరవాలేదు, బాగా పెరిగితే ఆపి మర్నాడు తగ్గించి చేయాలి. ఉద్యోగాన్ని రోజుకు ఒక పూట చొప్పున మొదలుపెట్టండి.

మూడో వారంలో ఒక ఉదయం బావగారు పొయ్యి పక్కన నిలబడి పేపరు చదువుతున్నారు. పాలు విరిగి, అడుగంటి, మాడి, వంటింటి నిండా పొగ. అక్క పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆపి "మాడు వాసన తెలియడం లేదా మీకు?" అంది. "ఏ వాసన?" అన్నారాయన. నిజంగానే అడిగారు. ముక్కు మొదట్లో జల్లెడలాంటి చిన్న ఎముక ఉంటుంది. వాసన నరాలు దాని కన్నాల్లోంచి పైకి పోతాయి. మెదడు ముందుకు వెనక్కి ఊగినప్పుడు అవి తెగిపోవచ్చు. మనిషి తనంతట తాను గమనించడు, కూరల్లో రుచి లేదని మాత్రం సణుగుతాడు. మీరే పరీక్షించండి: కళ్ళు మూయించి కాఫీ పొడి, ఏలకులు, సబ్బు ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టండి. అమృతాంజనం, కర్పూరం లాంటి ఘాటైనవి పనికిరావు, వాసన పోయినవారికి కూడా వాటి మంట తెలుస్తుంది. వాసన పోయిందని తేలితే రాత్రి గ్యాసు రెగ్యులేటరు కట్టేసే బాధ్యత ఇంకొకరు తీసుకోండి. గ్యాసు లీకైతే మోగే పరికరం బిగించండి. ఫ్రిజ్‌లో పెట్టే గిన్నెల మీద తేదీ అంటించండి.

కోపం సంగతి కొంచెం కష్టం. నుదుటి వెనక ఉండే మెదడు భాగం మన నోటికి, చేతికి కళ్ళెం. అది దెబ్బ తింటే మెత్తటి మనిషి కసురుకుంటాడు, పొదుపరి అడిగినవాడికల్లా అప్పు ఇస్తాడు, చురుకైనవాడు సోఫాలోంచి లేవడు. "మనిషి మారిపోయాడు" అంటారు. "కావాలనే చేస్తున్నాడు" అనడం మాత్రం అన్యాయం. ఒకసారికి ఒక్క పనే చెప్పండి, గోడ మీద కాగితంలో రాసి పెట్టండి. మాట్లాడేటప్పుడు టీవీ ఆపండి. కోపం వచ్చినప్పుడు వాదించకుండా గదిలోంచి బయటికి రండి. కొన్ని నెలల పాటు పెద్ద మొత్తాలు, హామీ సంతకాలు ఇద్దరు చూశాకే.

ఇంట్లో పెద్దవారికి దెబ్బ తగిలితే, ముఖ్యంగా రక్తం పలచబడే మందులు వాడుతుంటే, అంతా సర్దుకుందనుకున్న మూడు నాలుగు వారాలకు కూడా జాగ్రత్తగా ఉండండి. పుర్రె లోపల చిన్న సిర నుంచి రక్తం బొట్టుబొట్టుగా చేరుతూ ఉంటుంది. నడకలో కాలు ఈడ్వడం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం, పగలంతా మగత. వయసు మీద పడిందని సరిపెట్టుకోకుండా మళ్ళీ స్కాను చేయించండి. సకాలంలో పట్టుకుంటే బాగయ్యేదే అది.

మూడు నెలలు దాటినా మరుపు, తలనొప్పి, కోపం తగ్గకపోతే న్యూరాలజిస్టును కలిసి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత కొలిచే పరీక్షలు అడగండి. హైదరాబాదులో నిమ్స్, బెంగళూరులో నిమ్‌హాన్స్ లాంటి పెద్ద సంస్థల్లో చూస్తారు. పుస్తకం పట్టుకెళ్ళండి.

గీత కూడా పడని మనిషి

మేము చేసిన పెద్ద తప్పు ఇక్కడ ఉంది. పుస్తకం బావగారికి పెట్టాము, అక్కకు పెట్టలేదు. ఆమెకేమయిందని? నెలన్నర తర్వాత మా అమ్మ గమనించింది. కుక్కరు విజిల్ వేయగానే అక్క చేతిలోని పళ్ళెం కింద పడింది. అది మూడోసారట. ఆరా తీస్తే, రాత్రి రెండింటికి మెలకువ వస్తోంది, వైపరు ఆడుతున్న చప్పుడు వినిపిస్తోంది. కూరగాయలకు పెద్ద రోడ్డు మీదుగా వెళ్ళకుండా సందుల్లోంచి తిరిగి వెళుతోంది. విజయవాడలో ఇంకో పెళ్ళికి ఒంట్లో బాగాలేదని మానేసింది.

మొదటి వారాల్లో ఇవన్నీ చాలామందికి ఉంటాయి, చాలామందికి వాటంతట అవే తగ్గుతాయి. నెల దాటాక కూడా ఉంటే అది జబ్బు. ఆ దృశ్యం పిలవకుండా రావడం, దాన్ని గుర్తుచేసే చోట్లను తప్పించుకోవడం, "నా వల్లే జరిగింది" అన్న మొండి ఆలోచన, ఎప్పుడూ ఉలికిపడుతూ ఉండటం దీని గుర్తులు. పిల్లలయితే పక్క తడపడం, బొమ్మకార్లను పదేపదే గుద్దించి ఆడటం చేస్తారు. మంచం మీద ఉన్నవారికి కూడా ఇది రావచ్చు, ఆ క్షణం గుర్తు లేకపోయినా సరే. నిద్ర లేమి, చిరాకు, మరుపు ఈ జబ్బులోనూ ఉంటాయి, మెదడు దెబ్బలోనూ ఉంటాయి. కాబట్టి న్యూరాలజిస్టుకు భయం సంగతి, మానసిక వైద్యుడికి తల దెబ్బ సంగతి తప్పక చెప్పండి.

మొదటి ఫోను 14416కి చేయండి. అది టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ లైను, 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించింది. రాత్రింబవళ్ళు ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. నేరుగా వెళ్ళాలంటే హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్నం చినవాల్తేరులోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. "ఎర్రగడ్డ" అనగానే మా బంధువుల్లో ఒకరు ముఖం ముడుచుకున్నారు. ఆయనకు మోకాలి నొప్పి వస్తే ఎముకల డాక్టరు దగ్గరికే వెళతారు మరి. "ఆ రోజే పోయి ఉంటే బాగుండేది" అన్న మాట వినిపిస్తే మాత్రం ఒంటరిగా వదలకండి, ఆ రోజే వైద్యుడి దగ్గరికి వెళ్ళండి.

దీనికి బాగా పనిచేసేది మాటల చికిత్స. శిక్షణ ఉన్న సైకాలజిస్టు ఆ జ్ఞాపకాన్ని పద్ధతిగా, కొద్దికొద్దిగా ఎదుర్కొనేలా చేస్తారు. పరామర్శలో పదేపదే చెప్పించడానికి, దీనికి పోలికే లేదు. అవసరమైతే మందులు కూడా రాస్తారు. పక్కింటివారి చీటీ మీద అల్ప్రాజోలం లాంటి నిద్రమాత్రలు కొని వాడకండి, అవి ఈ జబ్బును నయం చేయవు, పైగా అలవాటవుతాయి.

కాగితాలు

మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌లో నష్టపరిహారం దరఖాస్తుకు చట్టంలో ఆరు నెలల గడువు ఉంది. మెదడు దెబ్బ లక్షణాలు తేలేసరికే నాలుగు నెలలు గడిచిపోతాయి కాబట్టి ఎఫ్ఐఆర్, ఎంఎల్‌సీ నకలు, గాయాల ధ్రువపత్రం, స్కాను ఫిల్ములు, మందుల బిల్లులు మొదటి నుంచే ఒక ఫైలులో పెట్టండి. వైకల్యం శాతం ఎంత అన్నది వేరు, దానివల్ల ఆ మనిషి సంపాదన ఎంత పోయింది అన్నది వేరు అని 2010లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రెండోది చూపించడానికి మా లాయరు మొదట అడిగింది నోటుబుక్కునే.

మళ్ళీ కారు ఎక్కడం

తల దెబ్బ తగిలినవారు డాక్టరు సరే అనే దాకా బండి నడపకూడదు. మూర్ఛ వచ్చి ఉంటే మరీను. భయం పట్టుకున్నవారిని "ఏమీ కాదు, ఎక్కు" అని లాక్కెళ్ళకూడదు. మెట్లు కట్టుకోవాలి. అక్క సైకాలజిస్టుతో కలిసి రాసుకున్న మెట్లు ఇవి: వాకిట్లో ఆపి ఉన్న కారులో తలుపులు తెరిచి కూర్చోవడం. తలుపులు మూసి కూర్చోవడం. ఇంజను వేసి కూర్చోవడం. వీధి చివరి దాకా వెళ్ళి రావడం. పగలు పెద్ద రోడ్డు. సాయంత్రం పెద్ద రోడ్డు. చివరికి రాత్రి హైవే.

ప్రతి మెట్టు మీద భయం పదికి ఎంత ఉందో అంకె వేసుకుని, అది సగానికి దిగే దాకా అక్కడే ఉండాలి. అంకె ఎనిమిదిలో ఉన్నప్పుడు దిగిపోతే భయానిదే పైచేయి అవుతుంది. అదే మెట్టు మూడు నాలుగు రోజులు చేశాకే పైది. పక్కన కూర్చునేవారు మాట్లాడకుండా ఉండగలిగినవారై ఉండాలి. నేను మొదటిరోజే అనర్హురాలినయ్యాను, వీధి మలుపులో ఆటో అడ్డొస్తే "అయ్యో" అన్నాను. ఆ తర్వాత అమ్మ కూర్చుంది, జపమాల తిప్పుకుంటూ.

వాకిట్లో మొదలుపెట్టి హైవే చేరడానికి అక్కకు పదకొండు వారాలు పట్టింది. ఆ రాత్రి బావగారు పక్కన కూర్చున్నారు, కారు నేను నడిపాను. నకిరేకల్ దాటాక అక్క వెనక సీట్లోంచి "ఆరు" అంది. కొంచెం దూరం పోయాక "ఆరు" అంది మళ్ళీ. రోడ్డు అంచున లారీ ఒకటి ఆగి ఉంది, వెనక ఎర్ర దీపాలు వెలుగుతున్నాయి. నేను వేగం తగ్గించలేదు, ఆమే వద్దంది. చిట్యాల దగ్గర "మూడు" అని చెప్పి టీ తాగుదామంది. బావగారు డ్యాష్‌బోర్డులోంచి నోటుబుక్కు తీసి, లైటు వేసి, తేదీ కింద మూడు అని రాశారు.